మాటకు మూడర్థాలు, మనిషికి రెండు చేతులు

"భాషే మనిషికి అలంకారం!" అని ప్రకటించి, నిఘంటువు గారు ఆఫీసు గుమ్మం పక్కనున్న నల్లబల్ల మీద ఆనాటి ఇంగ్లీషు మాట రాశారు: స్కెయిన్. ఒకటి, వదులుగా చుట్టిన ఊలు కట్ట. రెండు, బారు తీరి ఎగిరే అడవి బాతులు. మూడు, ఓ పట్టాన తెమలని చిక్కు వ్యవహారం.

ఆయన అసలు ఉద్యోగం రికార్డు గదిలో గుమాస్తాగిరీ. రోజుకో మాట రాసి రాసి ఆ పేరు సంపాదించారు. కొత్తగా మంజూరైన భాషా సలహాదారు కుర్చీ మీద కన్నేశారు. దాన్ని ఇచ్చేది మేనేజరు గారు!

మేనేజరు గారు బల్ల ముందు ఆగి తలాడించారు. "నాకు తెలిసిన మాటే. ఇంతకీ మీ ఇంట్లో ఊలు ఉంటుందా?"

"ఉంటుందేమో సార్! అదంతా మా ఆవిడ గొడవ. ఇంట్లో నేను ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టను."

"శభాష్! నేనూ అంతే. సలహాదారంటే ఆ మాత్రం దర్జా ఉండాలి."

ఆ సాయంత్రం నిఘంటువు గారు ఇంట్లో ముక్కాలి పీట మీద, చాచిన రెండు చేతులకూ పచ్చ ఊలు కట్ట తగిలించుకుని కూర్చున్నారు. ఎదురుగా భార్య దారం లాగి ఉండ చుడుతోంది. పదకొండేళ్ళుగా రోజూ ఇదే పని. ఊరికే కూర్చుంటే తోచక ఒళ్ళో నిఘంటువు పెట్టుకునేవారు. పాండిత్యం అలా అబ్బింది. పేజీలు తిప్పేది మాత్రం ఆవిడే.

"ఏమండీ, చేతులు దించకండి, చిక్కుపడుతుంది."

తీసి ఉన్న తలుపులోంచి మేనేజరు గారు లోపలికొచ్చేశారు!

లేస్తే ఊలు పోతుంది, లేవకపోతే కుర్చీ పోతుంది. నిఘంటువు గారు సగం లేచి, చెయ్యి కలపడానికి మోచెయ్యి చాపారు.

"సార్! ఇది... మొదటి అర్థానికి ప్రయోగం."

మేనేజరు గారు నవ్వలేదు. ఆ చేతుల్ని పరీక్షగా చూశారు. "బొటనవేళ్ళు మడిచారేం? జారిపోదూ! నిక్కబెట్టండి. ఆవిడ లాగినప్పుడల్లా చేతులు కొంచెం అటూ ఇటూ వంచాలి." అనేశాక నాలిక కరుచుకున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి సార్?"

"పందొమ్మిదేళ్ళు." మేనేజరు గారు నీరుగారిపోయి, సంచీలోంచి చిక్కుపడ్డ ఎర్ర ఊలు ముద్ద తీశారు. "మా ఆవిడ చూసిందంటే నా పని అయిపోయినట్టే. విప్పే ఉపాయం మీ మూడో అర్థం కిందేమైనా రాసి ఉంటుందేమోనని వచ్చాను."

"పుస్తకంలో ఉండదండీ, ఇలా ఇవ్వండి," అందావిడ. కాసేపట్లో చిక్కంతా విప్పేసింది. "చేతులు చాపండి సార్, కట్ట చేసిచ్చేస్తాను."

మేనేజరు గారు బుద్ధిగా చాపారు.

మర్నాడు ఆఫీసులో సభ పెట్టి, మేనేజరు గారు సలహాదారు నియామకపు ఉత్తర్వు చదివారు. "మన సలహాదారు గారు ఇంట్లో ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టరు. మనందరిలాగే!"

మగవాళ్ళంతా చేతులెత్తి చప్పట్లు కొట్టారు. నిఘంటువు గారు చూశారు. అకౌంటెంటు చొక్కా చేతి అంచుకు నీలం ఊలు నూగు, స్టోర్సు ఇన్‌చార్జికి తెల్ల నూగు, మేనేజరు గారికి ఎర్రది.

ఆయన తన చేతులు మెల్లగా వెనక్కి పెట్టుకున్నారు.