మూడు మంచి మాటల తర్వాత చిరుత

ఒక పెద్ద అడవిలో ఎండాకాలం వచ్చేసరికి నీళ్లుండేది ఒక్క కుంటలోనే. దాహమైతే అందరూ అక్కడికే రావాలి. ఆ సంగతి చిరుతపులికి కూడా తెలుసు.

అయినా మూడు వేసవుల నుంచి దానికి అక్కడ ఒక్క కుందేలు కూడా దొరకలేదు. అందుకు కారణం ముగ్గురు. నేరేడు కొమ్మ మీద కొండముచ్చు కూర్చుని దూరం చూసేవాడు. చెట్టు కింద దుప్పి గాలిలో వాసన పట్టేవాడు. గట్టున గులకరాళ్ల మధ్య తీతువు ఉండేది. కొండముచ్చు ఖంగుమని దగ్గితే దుప్పి గిట్టతో నేల తన్నేవాడు, తీతువు అడవి అదిరేలా అరిచేది. వెంటనే అందరూ కాళ్లకు బుద్ధి చెప్పేవాళ్లు.

తీతువు అరిచేది పరోపకారం కోసమేమీ కాదు. దానికి గూడు కట్టే అలవాటు లేదు. ఆ గులకరాళ్లలోనే నాలుగు గుడ్లు పెట్టుకుంది. ముందుగా అరిస్తే నీళ్లకొచ్చిన మంద తీరిగ్గా అవతలి దారిన పోతుంది. ఆలస్యమైతే బెదిరి గుడ్ల మీదుగా తొక్కుకుంటూ పోతుంది. అందుకే పాపం దాని కంటికి కునుకు ఉండేది కాదు.

ఇంత సవ్యంగా సాగే పని మీద పెద్దల కన్ను పడకుండా ఉంటుందా?

అడవి సభకు అధ్యక్షుడు ఏనుగు. ఆయన దగ్గరికి ఒక చిలుక వచ్చింది. అది నాలుగేళ్లు అడవి అంచునున్న సర్కారు అతిథి గృహం వరండాలో పంజరంలో ఉండి, అక్కడ అధికార్లకిచ్చే శిక్షణంతా విన్నది. పొద్దుటి పాఠాలు దానికి కంఠతా వచ్చు. మధ్యాహ్నం పాఠాల వేళకు మాత్రం అధికార్లతో పాటు అది కూడా నిద్రపోయేది. రెక్కలు కత్తిరించి ఉండటంతో ఎగరలేక గెంతుతూ నడిచేది. ఆ నడకే చాలా హుందాగా ఉందనుకున్నాడు ఏనుగు. పొరుగింటి పుల్లకూర రుచి కదా మరి. కుంట కాపలాను చక్కదిద్దే పని దానికే అప్పగించాడు.

"మీ టీముకి నాయకుడెవరు?" అని కాపలా ముగ్గురినీ అడిగింది చిలుక.

"ఎవరూ లేరండీ" అంది తీతువు.

"మరి నాయకత్వం లేకుండా ఇన్నాళ్లూ ఎలా బతికారు?"

"పరిగెత్తి బతికామండీ."

చిలుక జాలిగా తలూపింది. "ఒత్తిడిలో చెక్కుచెదరని వాడే నాయకుడు. అలాంటి వాడు ఈ అడవిలో ఉన్నాడా?"

అడవంతా వెతికితే అలాంటి వాడు ఒక్కడే కనిపించాడు. తాబేలు! పిడుగు పడ్డా కదలడు. వీపు మీద ఏనుగు కాలేసినా కిక్కురుమనడు. అంతటి నిబ్బరం ఇంకెవరికుంది? తాబేలును టీము లీడరు చేశారు.

ఆ తర్వాత చిలుక కొత్త పద్ధతి చెప్పింది. ఎవరూ తమంతట తాము అరవకూడదు. ఏం చూసినా లీడరుకే విన్నవించాలి, ఆయన ఆజ్ఞ ఇస్తాడు. విన్నవించే ముందు మూడు మంచి మాటలు చెప్పాలి, చెడ్డ మాట ఆ తర్వాతే. మనోబలం దెబ్బతినకూడదు కదా!

"చిరుత ఆగుతుందా అండీ, మూడు మాటలయ్యేదాకా?" అంది తీతువు.

"ఇదిగో, ఈ అపశకునం మాటలే వద్దనేది. అసలు నీ గొంతే అపశకునం" అంది చిలుక. తీతువు ప్రాణం చివుక్కుమంది. నిజమే, దాని కూత వింటే కీడని లోకమంతా అంటుంది. కీడు వచ్చిందని చెప్పేవాళ్లకు ఆ మాట తప్పదు.

నాలుగో రోజు సాయంత్రం రెల్లుగడ్డి కదిలింది. కొండముచ్చుకు దగ్గు గొంతుదాకా వచ్చింది. మింగేసి, చెట్టు దిగి, లీడరు ముందు చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, తమరి డిప్ప నిగనిగలాడుతోంది. తమరి నడకలో తొందరపాటు లేదు. తమరి హయాంలో కుంట చల్లగా ఉంది. చిరుత వస్తోంది."

ఆఖరి మాట చెవిన పడగానే లీడరు తల లోపలికి పోయింది.

"ఆజ్ఞ ఏమిటి బావా?" అన్నాడు వెనక వరసలో నిలబడ్డ దుప్పి.

"ఆలోచిస్తున్నారు బావా, ఉండు" అన్నాడు కొండముచ్చు.

మంద మందంతా వరసగా నిలబడి ఆ డిప్పకేసి చూస్తోంది. గట్టు మీద చిరుత పంజా కనబడింది. తీతువు ఇక ఆగలేకపోయింది. తల్లి కదా! ఆజ్ఞా లేదు, మంచి మాటా లేదు, గొంతు చించుకుని అరిచింది. మంద బెదిరి గులకరాళ్ల మీదుగా పరుగు తీసింది. చిరుతకు ఎవరూ దొరకలేదు. దుమ్ము అణిగాక తీతువు లెక్క చూసుకుంటే గుడ్లు మూడే ఉన్నాయి. ఆ రాత్రంతా చితికిన పెంకు పక్కనే కూర్చుని ఏడ్చింది.

మర్నాడు కుంట గట్టునే సన్మాన సభ పెట్టారు. అందరూ పారిపోయినా ఉన్నచోటు వదలనందుకు తాబేలుకు 'ధీరశిఖామణి' బిరుదు. అనుమతి లేకుండా అరిచినందుకు తీతువుకు మెమో. కొండముచ్చునూ దుప్పినీ లీడరుకు చెరోపక్కన నిలబెట్టారు, కాపలాకు ఎవరూ లేరు. చిలుక తాబేలు వీపెక్కి పూలదండ పట్టుకుంది.

"నీ సంజాయిషీ ఏమిటి? పద్ధతి ప్రకారం చెప్పు" అన్నాడు ఏనుగు.

తీతువు రెల్లుగడ్డి కేసి ఒకసారి చూసి, గబగబా మొదలెట్టింది. "మా లీడరు నిన్న కదల్లేదు. ఇవాళ కూడా కదలరు. వారి డిప్ప చాలా గట్టిది, మనందరికీ లేనిది అదే. చిరుత వచ్చింది!"

ఆజ్ఞ కోసం ఎవరూ ఆగలేదు. అందరికంటే ముందు పరిగెత్తింది అధ్యక్షుడే. ఆయన అవతలి దారి పట్టాడు, మంద కూడా ఆయన వెనకే పోయింది. మూడు గుడ్లకూ ఏమీ కాలేదు. తాబేలు తల లోపలికి పోయింది, దండ బురదలో పడింది. ఎగరలేని చిలుకకు చిరుత పంజా దెబ్బకు తోక పోయి ప్రాణం మిగిలింది. అది గెంతుకుంటూ అతిథి గృహానికి పోయి, తనంతట తానే పంజరంలో దూరి, ముక్కుతో గడియ పెట్టుకుంది.

తాబేలును మాత్రం ఎవరూ పదవి నుంచి దించలేదు. ఇప్పటికీ నీళ్లకు వచ్చినవాళ్లంతా ముందు ఆ డిప్పకు దండం పెడతారు. ఆ తర్వాత కొండముచ్చు ఎక్కడున్నాడో, దుప్పి ఎటు వాసన చూస్తున్నాడో, తీతువు మేలుకునే ఉందో లేదో చూసుకుని నీళ్లు తాగుతారు. తీతువుకు మూడు పిల్లలయ్యాయి. మూడూ కళ్లు తెరవగానే నేర్చుకున్నది ఒకటే, మొహమాటం లేకుండా అరవడం.

నీతి: టీము గట్టిగా ఉండాలంటే గట్టి లీడరు ఉండాల్సిందే, ఆయన తల లోపలే ఉంటే మరీ మంచిది.