జయరావు గారి స్టోరేజీ

గురువారం పొద్దున గుంటూరు మిర్చి యార్డుకి బయల్దేరుతున్నప్పుడు జయరావు మనసులో ఉన్నది ఒక్కటే ఆలోచన. టీ టైములో నాగూర్ వలికి ఫోన్ చేసి స్టోరేజీ సంగతి తేల్చేయాలి.

అది మిర్చి పెట్టే స్టోరేజీ కాదు, గేములు పెట్టే స్టోరేజీ. ఇరవై ఏళ్ల కిందట మొదటి జీతంతో జయరావు టీవీకి తగిలించి ఆడుకునే గేము మిషన్ ఒకటి కొన్నాడు. అతనూ చెల్లెలు షారోనూ దాని మీద ఫుట్‌బాల్ ఆడుతూ ఎన్ని ఆదివారాలు గడిపారో లెక్కలేదు. ఇప్పుడామె చీరాలలో నర్సు. సెలవు దొరక్క దొరక్క దొరికి, మూడేళ్ల తర్వాత ఈ శనివారం వస్తోంది. వస్తూనే ఒక ఆట ఆడాలని ముందే హెచ్చరించింది.

మిషన్‌లో డిస్కు చదివే భాగం నిరుడే పోయింది. అంత పాతదానికి సామాను ఎక్కడా దొరకలేదు. అయితే జయరావు జాగ్రత్తపరుడు. తన డిస్కులన్నిటికీ ఎప్పుడో కంప్యూటర్‌లో కాపీలు తీసి పెట్టుకున్నాడు. బ్రాడీపేటలో కంప్యూటర్లు రిపేరు చేసే వలి, డిస్కు లేకుండా ఆ కాపీలతోనే ఆట నడిచే ఏర్పాటు మిషన్‌లో చేసిపెట్టాడు. ఇక కాపీలను దేంట్లో పెట్టాలన్నదే మిగిలింది. పెన్‌డ్రైవా, హార్డ్‌డిస్కా, మెమరీ కార్డా?

జయరావుకి నలభై నాలుగేళ్లు. అబ్దుల్లా గారి కమీషన్ షాపులో పద్దెనిమిదేళ్లుగా గుమస్తా. రేటు పెరుగుద్దా తగ్గుద్దా అని రైతులు ఎంత గుచ్చి అడిగినా "చూద్దామండి" అనే మాట తప్ప అతని నోట ఇంకోటి వచ్చేది కాదు. అందుకే అతనికి అన్నీ తెలుసని యార్డులో అందరికీ గట్టి నమ్మకం. ఈ వయసులో ఇంట్లో కూర్చుని గేములు ఆడతాడని మాత్రం ఎవరికీ తెలియదు. తెలియకూడదనే అతని తాపత్రయం కూడా.

తొమ్మిదింటికి జయరావు మిర్చి నింపిన టిక్కీ బస్తాల వరస వెనక్కి వెళ్లి ఫోన్ చేశాడు. ఒకపక్క లారీ హారన్లు, ఇంకోపక్క హమాలీల కేకలు. గొంతు పెంచక తప్పలేదు. ఆ వరసకి ఇవతల అద్దంకి దగ్గర్నుంచి వచ్చిన జక్రయ్య తన అరవై నాలుగు టిక్కీల మిర్చికి కాపలాగా కూర్చుని టీ తాగుతున్నాడు.

అవతల వలి ఓపిగ్గా వివరిస్తున్నాడు. మిషన్ పాతది కాబట్టి దాని యూఎస్‌బీ పోర్టూ పాతదే, పెన్‌డ్రైవ్ పెడితే గేము మధ్యలో వచ్చే బొమ్మలు ఆగి ఆగి కదులుతాయి. హార్డ్‌డిస్కు మంచిదే గానీ జయరావుది సన్న మోడలు, అందులో హార్డ్‌డిస్కుకి చోటే లేదు. మెమరీ కార్డు పెట్టే సందులో చిన్న అడాప్టర్ తగిలించి, అందులో కార్డు పెట్టుకోవడమే అన్నిటికన్నా మేలు.

జక్రయ్య చెవిన ఈ మాటలేవీ పడలేదు. పడింది జయరావు మాటలే.

"పోర్టు దగ్గరే స్లో అయిపోద్దా? అయితే ఆ దారి మనకొద్దు."

కాసేపాగి, "అరవై నాలుగు చాలదురా. నూట ఇరవై ఎనిమిది స్టోరేజీ చూడు," అన్నాడు.

"అన్నీ పాతవే. ఒక్కటి కూడా బయట ఉంచను. మొత్తం అందులోకి తోసేస్తా."

"రేపటికల్లా అయిపోవాలి. శనివారం దాటితే ఎంత స్టోరేజీ ఉండి ఏం లాభం?"

చివరగా, కాస్త తగ్గిన గొంతుతో, "ఎవరి దగ్గరా అనకు. మా సారుకి తెలిస్తే పరువు పోద్ది," అన్నాడు.

జక్రయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. పద్దెనిమిదేళ్లలో జయరావు నోట ఇన్ని మాటలు ఒక్కసారి రావడం అతను వినలేదు. పోర్టులో సరుకు ఆగింది, అది కదిలాక రేటు లేస్తుంది. జయరావు తన పాత సరుకంతా, నూట ఇరవై ఎనిమిది టిక్కీలు, యజమానికి కూడా తెలియకుండా కోల్డ్ స్టోరేజీలో దాస్తున్నాడు. శనివారం దాటితే అక్కడ చోటు కూడా దొరకదు. జక్రయ్యకి ఇంతకన్నా ఏం కావాలి? లేచి వెళ్లి హమాలీలను పిలిచాడు.

"దించిన టిక్కీలు మళ్లీ లారీకెత్తండి."

ఫోన్ ముగించుకుని వచ్చిన జయరావు అది చూసి కంగారుపడ్డాడు. "అదేంటి జక్రయ్య గారూ, మీ సరుక్కి బేరం కుదరబోతుంటే?"

"మీరు చేసేదే మేమూ చేస్తున్నామండి," అన్నాడు జక్రయ్య, కన్ను చిన్నగా గీటి. జయరావుకి ఏమీ అర్థం కాలేదు. గాలికి కంట్లో కారం పడిందేమో అనుకున్నాడు.

ఇది నలుగురికీ చెప్పకూడని సంగతి గనక జక్రయ్య ముగ్గురికే చెప్పాడు. వాళ్లు కూడా అంతే జాగ్రత్త పాటించారు. పదకొండు గంటలకి జయరావు నూట ఇరవై ఎనిమిది టిక్కీలు నూట ఇరవై ఎనిమిది లారీలయ్యాయి. పన్నెండింటికి పోర్టులో ఒక ఓడ ఆగిపోయింది. ఒంటిగంటకల్లా అది మునిగిపోయింది కూడా. ఎక్కడి రైతులు అక్కడే బేరాలు ఆపేసి స్టోరేజీల దారి పట్టారు. మూడింటికి కోల్డ్ స్టోరేజీల ముందు రోడ్డు పొడవునా లారీలు నిలబడిపోయాయి.

నాలుగింటికి అబ్దుల్లా గారు జయరావుని లోపలికి పిలిచి తలుపు వేశారు.

"స్టోరేజీ తీసుకున్నావంట, నిజమేనా?"

వలి చెప్పేశాడనుకున్నాడు జయరావు. వలి నోట్లో మాట ఆగదని తెలిసీ చెప్పడం తనదే తప్పు. "నిజమేనండి," అన్నాడు తల దించుకుని.

"ఎంత?"

"నూట ఇరవై ఎనిమిదండి."

"ఎన్నాళ్ల నుంచి సాగుతోంది ఇది?"

"ఇరవై ఏళ్లయిందండి."

అబ్దుల్లా గారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఇరవై ఏళ్లా? నా షాపులో చేరకముందు నుంచేనా? ఒక్కడివేనా, ఇంకెవరైనా ఉన్నారా?"

"మా చెల్లెలు కూడానండి. ఇద్దరం సమానమే. ఒక్కోసారి తనదే పైచేయి."

"నర్సమ్మ కూడానా?" ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంట్లో తెలుసా?"

"మా ఆవిడ మహిమకి తెలుసండి. మొదట్లో తిట్టేది. ఇప్పుడు పట్టించుకోదు. షాపు టైములో మాత్రం ఎప్పుడూ చేయలేదండి. ఒట్టు. ఆదివారాలే."

అబ్దుల్లా గారికి కోపం రావాల్సిన చోట ఆలోచన వచ్చింది. ఇరవై ఏళ్లుగా కుటుంబంతో కలిసి గుట్టుగా మిర్చి వ్యాపారం చేసే మనిషి, తన దగ్గర కూర్చుని "చూద్దామండి" అంటున్నాడంటే ఎంత లోతైనవాడో. "సరే, వెళ్లు," అని మాత్రం అని, జయరావు గుమ్మం దాటగానే ఫోన్ తీసి తన సొంత సరుకు అమ్మకం ఆపమన్నారు. అబ్దుల్లా గారే ఆపారని తెలిశాక పక్క షాపుల వాళ్లు ఇంకేం ఆలోచించలేదు.

ఉద్యోగం ఊడనందుకు జయరావు దేవుడికి స్తోత్రం చెప్పుకుని ఇంటికి పోయాడు.

శుక్రవారం యార్డు బోసిపోయింది. వచ్చిన సరుకు నిన్నటిలో పావు వంతు కూడా లేదు. వచ్చిందీ ఎవరూ అమ్మరు. ఆ రోజుకి లారీలు నింపి పంపాల్సిన కొనుగోలుదారులు షాపు షాపుకీ తిరిగి బతిమాలుతున్నారు. క్వింటాకు రెండొందలు పెంచారు. ఎవరూ కదలకపోతే నాలుగొందలు, ఆపైన ఆరొందలు అన్నారు. స్టోరేజీ ముందు రాత్రంతా నిలబడి చోటు దొరక్క వెనక్కొచ్చిన జక్రయ్య, లారీ మెట్టు మీద కూర్చుని ఆ రేట్లు వింటూ జయరావు వంక చూస్తున్నాడు. అతనొక్కడే కాదు, యాభై మంది అలాగే చూస్తున్నారు. జయరావు తుమ్మినా ఎవరో ఒకరు దానికి అర్థం చెబుతున్నారు.

పదకొండింటికి వలి స్కూటర్ మీద దిగాడు.

"ఏరా, ఫోన్ ఎత్తవేం? నీ స్టోరేజీ తెచ్చా," అన్నాడు అందరి ముందూ.

జనం దగ్గరికి జరిగారు. అబ్దుల్లా గారు కూడా బయటికొచ్చారు. వలి జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి బొటనవేలి గోరంత కార్డు అరచేతిలో పెట్టి చూపించాడు.

"నూట ఇరవై ఎనిమిది జీబీ. నీ పాత గేములన్నీ ఎక్కించేశా. రేపు మీ చెల్లెలితో ఫుట్‌బాల్ ఆడుకో."

జక్రయ్య లారీ మెట్టు మీది నుంచే మెడ సాచి చూశాడు.

"ఇందులో నూట ఇరవై ఎనిమిది టిక్కీలా?" అన్నాడు జక్రయ్య మెల్లిగా.

అప్పటికి జయరావుకి నిన్నటి నుంచీ జరుగుతున్నదంతా అర్థమైంది. యాభై మంది రైతుల సరుకు, లారీ బాడుగలు, హమాలీ కూలీలు. ఇదంతా తన ఫుట్‌బాల్ మీద నడిచింది. దాచి లాభం లేదని మొదటి నుంచీ చెప్పేశాడు. పోర్టంటే మిషన్‌కి ఉండే సందని, పాతవంటే గేములని, ఓడ సంగతి తనకి తెలియనే తెలియదని, తనకి నలభై నాలుగేళ్లొచ్చినా ఆట మానలేదని. "నన్ను క్షమించండి. నేను గట్టిగా మాట్లాడకుండా ఉండాల్సింది," అన్నాడు.

జక్రయ్య లేచాడు. జయరావు ఒకడుగు వెనక్కి వేశాడు.

"అంటే పోర్టులో ఏం ఆగలేదా?"

"లేదండి."

"రేటు పెరగడానికి కారణమే లేదా?"

"లేదండి."

జక్రయ్య చరాలున తిరిగి కొనుగోలుదారు చెయ్యి పట్టుకున్నాడు. "ఆరొందలు ఎక్కువిస్తానన్నారే, ఆ మాట మీద ఉండండి. నా అరవై నాలుగూ తూకమెయ్యండి." మరుక్షణం మిగతావాళ్లందరూ కదిలారు. ఆ రోజే లారీలు నింపక తప్పని కొనుగోలుదారులు అన్న మాట వెనక్కి తీసుకోలేకపోయారు. గంటన్నరలో లారీల మీద ఉన్న ప్రతి టిక్కీ అమ్ముడుపోయింది. అబ్దుల్లా గారు తన సరుకు కూడా ఆ రేటుకే వదిలించుకున్నారు. సాయంత్రానికి సంగతి అంతటా పాకి రేటు మళ్లీ ఎప్పటి చోటికే వచ్చింది.

వెళ్లబోతూ జక్రయ్య జయరావు దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. "రేటు ఎక్కేముందు ఆపించారు, దిగేముందు అమ్మించారు. మధ్యలో ఆ గేమూ కార్డూ అని భలే చెప్పారండి. కొనేవాళ్లకి మీ మీద అనుమానం కూడా రాలేదు."

"నిజంగా గేమేనండి," అన్నాడు జయరావు.

"అలాగేనండి, అలాగే. మా ఇంటావిడ ఆదెమ్మకి కూడా అలాగే చెబుతా."

అబ్దుల్లా గారు ఆ సాయంత్రమే జయరావు బల్లని తన గదిలోకి మార్పించారు.

శనివారం షారోన్ వచ్చింది. కార్డు చక్కగా పనిచేసింది, ఆట ఎక్కడా ఆగలేదు. ఆమె అన్నని నాలుగు గోల్స్ తేడాతో ఓడించి, నర్సు డ్యూటీలో తనకి ఓపిక పెరిగిందంటూ రెండో ఆటకి సిద్ధమైంది. జయరావు యార్డు కథంతా చెబుతుంటే నవ్వి నవ్వి ఆమెకి పొలమారింది. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న మహిమ మాత్రం నవ్వలేదు.

"అందరూ ఆరొందలు ఎక్కువకి అమ్ముకున్నారన్నమాట. మరి మా నాన్న పంపిన పది టిక్కీలు?"

జయరావు టీవీ వైపే చూస్తూ, "గురువారం యార్డుకి పోగానే వచ్చిన రేటుకి ఇచ్చేశా. తర్వాత తీరిగ్గా ఫోన్ చేసుకోవచ్చు కదా అని," అన్నాడు.

ఆ వారం గుంటూరు యార్డులో జయరావు మాట వినకుండా నష్టపోయినవాడు జయరావు ఒక్కడే.