మెడ మా సంఘానిది కాదు

కోర్పనా తాలూకాలో ఏడాది తిరిగేసరికి నోటి కాన్సర్ చావు ఒక్కటీ ఉండదని నిర్మూలన సంఘం అధ్యక్షులు అనంతరావు సాహెబు మైకులో ప్రకటించారు. "బయటి కంపెనీలకు దేశమే తలుపులు బార్లా తెరిసింది. మీరు నోళ్లు తెరువుండ్రి," అన్నారు. అంత గొప్ప మాట ముద్దగా వినిపించిందంటే తప్పు మైకుది కాదు. సాహెబు ఎడమ బుగ్గన ఖర్రా ఉంది. పొగాకు, పోకచెక్క, సున్నం ప్లాస్టిక్ కాగితంలో నలిపిన ఆ ముద్ద లేనిదే చంద్రపూర్ జిల్లాలో ఏ సభా మొదలు కాదు.

గంగవ్వ అప్పుడే వరుసలో నిలబడింది. ఆమె భర్త అంజన్న సున్నపురాయి క్వారీలో కూలి. ఎడమ బుగ్గ లోపల పుండు. మూడు వేళ్లు పట్టాల్సిన నోట్లో ఒక్కటే పడుతోంది. రొట్టెను పాలలో నానబెట్టి, చిదిపి, వేలి కొసతో కుడి బుగ్గ వైపు పెడుతోంది. సాహెబు చిట్టీ రాసిస్తే నాగపూర్ పెద్దాసుపత్రిలో ఉచితంగా ఆపరేషన్ చేస్తారు.

సాహెబు పద్ధతి తప్పని మనిషి. బుగ్గ కుడిదా ఎడమదా అనే గడి ఫారంలో లేదు. కొత్త ఫారాలకు ముంబైకి రాశారు. అవి రావడానికి నాలుగు నెలలు పట్టింది. పుండు మాత్రం ఎవరి సంతకం కోసమూ ఆగకుండా మెడకు దిగి గడ్డ కట్టింది.

సాహెబు గడ్డను వేలితో నొక్కి చూశారు. "గిది మెడ. మాది నోటి సంఘం."

"నోట్లకెళ్లే దిగింది గద సారూ."

"దిగినంక మాది కాదు గంగవ్వా. జిల్లాకు అర్జీ పెట్టు."

జిల్లావారు మెడను ఒప్పుకునేనాటికి అది ఊపిరితిత్తులకు చేరింది. అవి వేరే విభాగం. ముద్ద దిగక, ఊపిరాడక అంజన్న ఎడ్ల పండుగ పోలాకు ముందురోజు పోయాడు. 'శ్వాస ఆగినందున మరణం' అని కాగితమిచ్చారు.

ఏడాది తిరిగింది. సాహెబు మాట నిలబెట్టుకున్నారు. రికార్డులో నోటి కాన్సర్ చావు ఒక్కటీ లేదు. సన్మాన సభలో ప్రజల తరఫున కోవా బిళ్ల తినిపించడానికి గంగవ్వను వేదిక ఎక్కించారు.

బిళ్ల సాహెబు పెదాల దగ్గరే ఆగింది. నోరు ఇంకొంచెం తెరవమన్నాడు ఫొటోగ్రాఫర్.

"గింతనే తెర్సుకుంటది. నువ్వు ఫొటో తియ్యి," అన్నారు సాహెబు.

గంగవ్వ బిళ్లను అరచేతిలోకి తీసుకుంది. బొటనవేలితో మెత్తగా చిదిపింది. వేలి కొసన కొంచెం తీసుకుని, ఆయన కుడి బుగ్గ వైపు పెట్టింది.

"మెల్లగ మింగు సారూ," అంది.