ఆఖరి పొగరాయుడు

మార్చి పదకొండో తారీఖు. ఆ రోజు మధ్యాహ్నం బంట్రోతు రెండు బ్రెడ్డు ముక్కల మధ్య ఉడకబెట్టిన గుడ్డు పెట్టుకుని తిన్నాడు. తిన్నాక అలవాటు ప్రకారం మెట్ల కింద నిలబడి ఒక సిగరెట్టు కాల్చాడు. చరిత్రకు ఈ వివరాలు అవసరం. ఎందుకంటే ఆ వాసనతోనే ఆయన మంచినీళ్ళ ట్రే పట్టుకుని మీటింగు హాల్లోకి వెళ్ళాడు. అప్పుడే పొగాకు నియంత్రణ మంత్రిగారు బల్ల చరిచి చారిత్రక ప్రకటన చేస్తున్నారు.

"ప్రపంచమంతటా పొగతాగేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. ఆ తగ్గడంలో మనం ఎవరికీ తీసిపోకూడదు! ముందు మన భవనం నుంచే మొదలుపెడదాం. ఇక్కడ పొగతాగేవాళ్ళు ఎవరో చేతులెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. డైరెక్టరుగారు జేబులోని లైటరును అరచేత్తో కప్పుకుని ఫ్యాను వంక చూశారు. బంట్రోతు ట్రే కింద పెట్టి చెయ్యెత్తాడు, అడిగారు కదా అని.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "ఒక్కడే! ఇంతమందిలో ఒక్కడే! పేపర్లకి చెప్పండయ్యా."

ఆనాటి నుంచి ఆ ఐదంతస్తుల భవనంలో పుట్టే పొగంతా బంట్రోతుదే అయింది. డైరెక్టరుగారి పూలకుండీలో దొరికిన సిగరెట్టు పీకలు ఆయనవే. లెక్కల సెక్షను కిటికీలోంచి మబ్బులా కదిలివచ్చేది ఆయనదే. ఒకే నిమిషంలో కింది అంతస్తులోనూ పై అంతస్తులోనూ పొగ కనిపించిందేమిటని ఒక విలేకరి అడిగితే, "మనిషి చురుకైనవాడండీ" అన్నారు డైరెక్టరుగారు. మంత్రిగారి బాత్‌రూము తలుపు సందులోంచి వచ్చేది కూడా ఆయనదే, లోపల మంత్రిగారున్నా సరే.

బంట్రోతు ఏమీ అనుకోలేదు. భార్య పోయాక తనను ఇంతమంది తలుచుకోవడం అదే మొదలు.

చిక్కంతా కూతురికి బాబు పుట్టాక వచ్చింది. పిల్లాడి ఊపిరితిత్తులు నాజూకు. పొగవాసన తగిలితే చాలు, ఈల వేసినట్టు ఎగపీల్చేవాడు. కూతురు తండ్రిని గుమ్మంలోనే ఆపేసింది.

"అది మానెయ్ నాన్నా. మానేసిన రోజున వీణ్ణి నేనే తెచ్చి నీ ఒళ్ళో పెడతా. అప్పటిదాకా కిటికీలోంచే."

మంచి పిల్ల. తండ్రి వచ్చినప్పుడల్లా కిటికీ అద్దం తుడిచి మరీ చూపించేది.

బంట్రోతు మానేశాడు. ఎలా మానేశాడో ఆయనకే తెలియదు. కొన్నాళ్ళు గోళ్ళు కొరికాడు, కొన్నాళ్ళు ఆఫీసు పెన్సిళ్ళు కొరికాడు, ఆ తర్వాత చూసుకుంటే మానేసి ఉన్నాడు. సంబరంగా వెళ్ళి డైరెక్టరుగారికి చెప్పాడు. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మానేశావా? ఎవర్నడిగి?"

"మనది మాన్పించే డిపార్టుమెంటే కదండీ అని..."

"జనాన్ని మాన్పించమన్నారు. నిన్ను మాన్పించమన్నారా? వచ్చేవారం పొగతాగేవాళ్ళ లెక్క తేల్చడానికి ప్రపంచ కమిటీ దిగుతోంది. పొగ కనబడితే ఎవరిదని చెప్పమంటావ్? నాదనా?"

"మీదే కదండీ."

"అదే కదా గొడవ!"

వ్యవహారం పైకి వెళ్ళింది. మంత్రిగారు బాత్‌రూములోంచి దగ్గుకుంటూ వచ్చి బంట్రోతు భుజం మీద చెయ్యేశారు.

"పెద్దాయనా, నీకు మనవడు ఒక్కడే. దేశంలో ఎంతమంది మనవలున్నారు! వాళ్ళ కోసం ఇంకో ఏడాది తాగలేవూ?"

"నావల్ల కాదండీ."

"పోనీ, ఊరికే పట్టుకుని నిలబడు. వెలిగించడం మేం చూసుకుంటాం."

"వాసన తగిలినా పిల్లాడికి ఊపిరాడదండీ."

మంత్రిగారిది జాలిగుండె. కాసేపు ఆలోచించి దారి చూపించారు. పేపర్లు 'దేశపు ఆఖరి పొగరాయుడు' అని పేరుపెట్టిన బంట్రోతు కమిటీ ముందు, కెమెరాల ముందు పొగ మానేసినట్టు ప్రకటిస్తాడు. ఒకటి కాస్తా సున్నా అవుతుంది.

"కాకపోతే ఇంకో మాట కూడా నువ్వే చెప్పాలి. ఈ భవనంలో ఇంకెవరూ తాగరని. మేం చెబితే నమ్మరయ్యా, నువ్వు చెబితే నమ్ముతారు."

బంట్రోతు తల గోక్కున్నాడు. అద్దం అవతల ఊగే చిన్న పిడికిలి కళ్ళముందు మెదిలింది. సరేనన్నాడు.

సభ కిటకిటలాడింది. మంత్రిగారు అద్భుతంగా మాట్లాడి, అర్జంటు ఫైలు చూసుకోవడానికి వేదిక వెనక తెర చాటుకు వెళ్ళారు. బంట్రోతు మైకు ముందుకొచ్చి, "నేను మానేశాను. మా భవనంలో ఇంకెవరూ తాగరు" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. అప్పుడే తెర కిందనుంచి పొగ నింపాదిగా పాకుతూ వచ్చి కమిటీ అధ్యక్షురాలి కాళ్ళకు చుట్టుకుంది.

"ఇదేమిటి?" అందావిడ.

"పాత పొగండీ. గత ప్రభుత్వం నాటిది" అన్నారు డైరెక్టరుగారు.

"ఇంతకాలం ఉంటుందా?"

"వాళ్ళ హయాంలో కిటికీలు తెరవడానికి టెండరే పిలవలేదండీ."

తెర వెనక ఎవరో గట్టిగా దగ్గారు. ఆవిడ అంతా రాసుకుంది. ఆ భవనాన్నే నమూనాగా తీసుకుని దేశం మొత్తానికి సున్నా ప్రకటించింది. పొగ తాగేవాళ్ళను తగ్గించిన దేశాలు చాలా ఉన్నాయనీ, తాగేవాళ్ళు లేకుండా ఒక్క పొగనే మిగుల్చుకున్న దేశం ఇదొక్కటేననీ మెచ్చుకుంది.

అతిథులు వెళ్ళగానే సిబ్బంది హాలు తలుపులు బిగించుకుని, ఆ ఆనందంలో తలా ఒకటి వెలిగించారు. బంట్రోతు పొగలో తడుముకుంటూ అందరికీ టీలు అందించాడు.

"నువ్వు మాత్రం ముట్టుకోకు పెద్దాయనా, సున్నా చెడిపోతుంది" అని మంత్రిగారు ఆప్యాయంగా హెచ్చరించారు.

మనవణ్ణి ఎత్తుకునే ఆత్రంలో బంట్రోతు ఆగలేకపోయాడు. కప్పులు కడగడం కూడా మరచి బస్సెక్కి నేరుగా కూతురింటికి వెళ్ళాడు. పొద్దు గూకింది. కూతురు బాబును భుజాన వేసుకుని నవ్వుతూ తలుపు తీసింది.

"టీవీలో చూశా నాన్నా! ఎంత బాగా చెప్పావో!"

ఆయన రెండు చేతులూ చాచాడు. ఆమె ముందుకు వంగబోయి ఆగిపోయింది.

"ఏంటిది నాన్నా? చొక్కా నిండా అదే వాసన."

"నాది కాదమ్మా. ఒట్టు."

"మరెవరిది? మీ ఆఫీసులో ఎవరూ తాగరని నువ్వే కదా చెప్పావు, అంతమంది ముందు."

బంట్రోతు నోరు తెరిచాడు. దేశం మొత్తం మీద చెప్పడానికి ఒక్క పేరైనా దొరకలేదు.

పిల్లాడి గొంతులో సన్నగా ఈల మొదలైంది. ఆమె దుప్పటి అంచు వాడి ముక్కు మీదికి లాగింది.

"అన్నం తినే ఉంటావులే. జాగ్రత్తగా వెళ్ళు నాన్నా" అంది. గొంతులో కోపం లేదు. పిల్లాడు ఉలిక్కిపడకుండా, చప్పుడు కాకుండా, మెల్లగా తలుపు వేసుకుంది.