గాంధారానికి ఎన్‌ఓసీ

సంగీతానికి మనిషి బెడద వదిలించే మహత్కార్యం 1996లో మస్కట్‌లోని ఒక తెలుగు సంఘం చేతుల మీదుగా జరిగింది. (ప్రపంచం ఇంకా గమనించలేదు. ప్రపంచానికి సంఘం సర్క్యులర్లు అందవు.)

ఆ యజ్ఞంలో సమిధ, ఆ ఊళ్లోనే వాదీ కబీర్ అనే పేటలో కాపురముండే నవీన. కరీంనగర్‌లో వీణ నేర్చుకుంది. పెళ్లయి ఇక్కడికొచ్చాక, పక్క ఫ్లాటువాళ్లు గోడ బాదుతారని తలుపు సందులో దుప్పటి కుక్కి వాయించుకునేది. వార్షికోత్సవంలో కచేరీ చేయాలని కబురొచ్చిన పూట కూరలో రెండుసార్లు ఉప్పేసింది.

సంఘం అధ్యక్షులు పరంధామయ్య గారు విషయం విప్పి చెప్పారు. "మామూలు కచేరీ కాదమ్మా. మీరు వీణ వాయిస్తారు, కంప్యూటర్ వింటుంది. విని తనూ సంగీతం పలుకుతుంది, తెర మీద బొమ్మలేస్తుంది. షడ్జమానికి పద్మం, రిషభానికి నెమలి, గాంధారానికి ఖర్జూరం చెట్టు. జుగల్బందీ!"

రిహార్సల్లో నవీన తీగ లాగి రిషభాన్ని గాంధారం దాకా ఊపింది. నెమలి వెళ్లి ఖర్జూరం చెట్టు మీద పడింది. కంప్యూటర్ నిలిచిపోయింది.

దాన్ని నడిపే ఖమరుద్దీన్ హైదరాబాదాయన, మస్కట్ రూవీ బజారులో కంప్యూటర్ల షాపులో పని. "అక్కా, దానికి స్వరం ఒక్క జాగల నిలబడాలె. ఇట్ల ఊగితే పరేషానైతది" అన్నాడు.

"ఊగకపోతే అది వీణెట్లయితదన్నా?"

పరంధామయ్య గారు తక్షణం గమకాల నియంత్రణ ఉపసంఘం వేశారు. (సభ్యుల్లో ఎవరికీ సంగీతం రాదు, నిష్పాక్షికత కోసం.) ఉపసంఘం తేల్చిందేమంటే, స్వరం ఏ మెట్టు మీద దిగిందో ఆ మెట్టు మీదే డ్యూటీ చేయాలి. రిషభం గాంధారం దగ్గరికి పోదలిస్తే, కంపెనీ మారే కూలీలాగే, ముందు పాత యజమాని అభ్యంతరం లేదని రాసిచ్చే ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ వాద్యకారులు కంప్యూటర్‌ను ఆశ్చర్యపరచరాదు.

"కంప్యూటర్నే మార్చొచ్చు గద సార్?" అంది నవీన.

పరంధామయ్య గారు నొచ్చుకున్నారు. "అది దుబాయి నుంచి వచ్చిందమ్మా."

నవీన కరీంనగర్ నుంచి వచ్చింది కాబట్టి చర్చ ముగిసింది.

కచేరీ నాడు హాలు కిటకిటలాడింది. నవీన మొదట బుద్ధిగానే వాయించింది. స్వరాలు మేకులు దిగ్గొట్టినట్టు దిగుతున్నాయి, పద్మాలు విచ్చుకుంటున్నాయి, జనం తెరకు చప్పట్లు కొడుతున్నారు. ముందు వరసలో ఒకాయన, "అమ్మా, కాస్త పక్కకు జరగండి. నెమలి తోక కనబడటం లేదు" అన్నాడు.

జరిగింది. జరిగాక ఒళ్లు మండింది. ఇన్నేళ్లు దుప్పటి చాటున దాచుకున్నది ఈ తోక కోసమా? తోడి రాగం అందుకుంది. గాంధారాన్ని ఊపాల్సినంతా ఊపింది. 

తెర నల్లబడింది.

"కళాకారిణి వల్ల సాంకేతిక లోపం తలెత్తింది, మన్నించాలి" అని పరంధామయ్య గారు మైకులో ప్రకటించారు. నవీన చేతులు తీగల మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఖమరుద్దీన్ కంప్యూటర్‌ను మళ్లీ లేపాడు.

అది చెవి ఒగ్గింది. దానికేదో వినబడింది. బదులు పలికింది. తెర మీద పద్మం మీద పద్మం, పద్మం మీద పద్మం, ఆగకుండా పూశాయి. హాలంతా లేచి నిలబడింది.

ఖమరుద్దీన్ వంగి గుసగుసలాడాడు. "అక్కా, అది ఏసీ సప్పుడు వింటున్నది. బంద్ చెయ్యాల్నా?"

"ఉండనియ్యన్నా. దానికి నచ్చిన విద్వాంసుడు దొరికిండు."

కాసేపటికి పరంధామయ్య గారు వేదిక మీదికొచ్చి ఆమెకు శాలువా కప్పారు. కళ్లు తుడుచుకున్నారు.

"చివర్లో వాయించారు చూడండమ్మా, అదీ సంగీతమంటే! మొదటి నుంచీ అలాగే వాయించి ఉంటే ఎంత బాగుండేది."