నూకరాజు ఎడమ స్పీకరును సాధించిన విధము

స్వస్తి. గౌతమీ వైనతేయ నదీద్వయ మధ్యస్థమై, నాళికేర తరుషండ మండితమై, రొయ్యల చెరువుల నీటిచక్రాల ఘోషతో దశదిశలు మారుమ్రోగు ఉప్పలగుప్తమున, రెండు వేల ఆరవ సంవత్సరము జూన్ నెల రెండవ బుధవారమున, ఉదయము తొమ్మిదిన్నర గంటలకు, కరెంటు ఉన్నది గనుక, ఈ సంగ్రామము ఆరంభమైనది.

యోధుడు నూకరాజు. వయసు యాభై రెండు. మూడెకరాల వరి, ఎనభై కొబ్బరిచెట్లు. పూర్వం మస్కట్‌లో ఎనిమిదేళ్లు క్రేను నడిపాడు. ఆ ఎనిమిదేళ్లలో తన కోసమని కొనుక్కున్నది ఒక్కటే: స్టీరియో ఆంప్లిఫయరు, దానికి నడుమెత్తు స్పీకర్లు రెండు. దాని మీదుండే టేపురికార్డరు నాలుగేళ్ల కిందట చచ్చిపోయింది. అప్పటినుంచి ఆంప్లిఫయరు లేసుగుడ్డ కప్పుకుని మౌనవ్రతంలో ఉంది.

శత్రువు ఫ్రిజ్. అది అమలాపురంలో వ్యాను ఎక్కి, పన్నెండు గంటలకి వస్తానని కబురు పెట్టింది. హాల్లో ప్లగ్గు ఉన్న గోడ ఒకటే, ఆ గోడ దగ్గర చోటూ ఒకటే. నూకరాజు భార్య దుర్గ తీర్పు చెప్పేసింది. ఫ్రిజ్ వచ్చేలోగా ఆంప్లిఫయరు పాడితే ఉంటుంది, ఫ్రిజ్ వంటింటి వసారాలోకి పోతుంది. పాడకపోతే పాత ఇనప సామాన్లవాడికి. ఫ్రిజ్ చూడ్డానికి మురమళ్ళ నుంచి వచ్చిన ఆవిడ అన్నగారు రాఘవులు, ముందుచూపున్న మనిషి గనుక, దారిలో పాత ఇనుము కొనే వీరబాబుని కూడా వెంటబెట్టుకొచ్చాడు. వీరబాబు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. తొందర లేదన్నాడు.

ఇక ఆయుధములు. తమ్ముడు బుజ్జిబాబు దుబాయ్ నుంచి పంపిన పాటల పెట్టె. అగ్గిపెట్టెంత ఉంటుంది, లోపల రెండు వందల పాటలు. అమలాపురంలో రేడియోలు బాగుచేసే సాలమోను ఇచ్చిన వైరు. ఒక కొసన ఇయర్‌ఫోను పిన్ను, రెండో కొస రెండుగా చీలి ఎర్ర పిన్ను, తెల్ల పిన్ను. ఆంప్లిఫయరు వెనకాల వాడకుండా వదిలేసిన రెండు రంధ్రాలుంటాయనీ, ఆ రెండూ వాటిలో గుచ్చితే పాడి తీరుతుందనీ సాలమోను హామీ.

అంత నూకరాజు లేసుగుడ్డను తొలగించి, లుంగీ ఎగగట్టి, ఇట్లు పలికెను:

"ఓ రాఘవులూ! ఎనిమిది గ్రీష్మములు ఎడారి యెండలో ఉక్కు దూలములనెత్తిన ఈ బాహుయుగళము రెండు పిన్నులు గుచ్చజాలదని తలంచితివా? భాస్కరుడు నడిమింటికి రాకమున్నే ఈ యంత్రరాజ కంఠమున నాదమును పలికింపనేని, ఆ శీతలపేటికలోని జలము ముట్టను!"

నోట వచ్చిన మాట మాత్రం ఇంతే: "ఉండండి బావగారూ. పాడుద్ది."

పిన్నులు గుచ్చాడు. పాట నొక్కాడు. ఏమీ లేదు. వాల్యూం రెండు నుంచి అయిదుకి, అయిదు నుంచి పదికి తిప్పాడు. పది తర్వాత అంకె లేదు. వెనక చేత్తో తడుముకుంటూ ఎరుపు తీసి తెలుపులో, తెలుపు తీసి ఎరుపులో పెట్టాడు. నిశ్శబ్దం.

"పాడట్లేదు గానండి, ఆలోచిస్తోందండి," అన్నాడు రాఘవులు.

పాటల పెట్టెకి ఇయర్‌ఫోను తగిలించి, కుడిది ఒక్కటే చెవిలో పెట్టుకుని విన్నాడు. సన్నాయి మోగుతోంది. పెట్టె నిర్దోషి. సాలమోనుకి ఫోను చేశాడు. ఇయర్‌ఫోను పిన్ను కొసని వేలితో ముట్టుకోమన్నాడు సాలమోను. గుర్రుమంటే ఆంప్లిఫయరు బతికున్నట్టు.

"గుర్రుమందాండీ?"

"లేదు."

"ఆయ్. అయితే మరి పోయినట్టేనండి."

పదకొండుం పావు. అరుగు మీద వీరబాబు మజ్జిగ గ్లాసు కింద పెట్టి, తాడు విప్పాడు. మస్కట్ నుంచి కార్గోలో వేసిన రోజు ఆంప్లిఫయరు అట్టపెట్టె మీద తన పేరు తానే రాసుకున్న సంగతి నూకరాజుకి గుర్తొచ్చింది. మూలుగుతూ వంగి, వైరైనా మిగులుతుందని పిన్నులు లాగాడు.

పిన్నుల కొసలకి పసుప్పచ్చటి పొడి ఉంది. దుర్గ వాసన చూసింది.

"పసుపండీ," అంది.

హతవిధీ! అప్పుడు విరోధి ఎవరో తెలిసెను. ఏటా దసరాకి ఆయుధపూజనాడు ట్రాక్టరుకి, కొడవలికి, ఆంప్లిఫయరుకి బొట్లు పెట్టేది నూకరాజే. ముందువైపు పెట్టి ఊరుకుంటే పూజ సగమే అవుతుందని, ఏ అవయవాన్నీ వదలకూడదని, వెనక్కి వెళ్లి ఖాళీగా ఉన్న ఆ రెండు రంధ్రాలకీ తడిపసుపు బొటనవేలితో అదిమేవాడు. పద్దెనిమిది దసరాలు. కురుక్షేత్రం పద్దెనిమిది రోజుల్లో తేలింది.

"మీరే కదండీ పెట్టింది," అంది దుర్గ.

"భక్తి," అన్నాడు నూకరాజు.

స్విచ్చి కట్టేశాడు. చీపురులోంచి కొబ్బరి ఈనె ఒకటి దూశాడు. కొసకి దూది చుట్టాడు. కాలికి మేకు దిగినప్పుడు కొన్న స్పిరిటు సీసాలో ముంచి, ఎర్ర రంధ్రంలో దించి, చెవిలో గుబిలి తీసినట్టు తిప్పాడు. పసుపు పెచ్చులుగా రాలింది. పిన్ను గుచ్చి, పాట నొక్కి, స్విచ్చి వేశాడు. వాల్యూం పది మీదే ఉన్న సంగతి మరిచాడు.

ప్రళయకాల పర్జన్య గర్జాసన్నిభమైన సన్నాయి కుడి స్పీకరులోంచి వెడలెను. పెరట్లో కోళ్లు గోడ దాటాయి. వీరబాబు తాడు వదిలేసి రోడ్డు మీద నిలబడ్డాడు. నూకరాజు రెండుకి తగ్గించాడు.

ఎడమది మాత్రం పలకలేదు. తెల్ల రంధ్రంలో ఈనె గుచ్చితే విరిగింది. రాఘవులు మధ్యవర్తిత్వానికి దిగాడు.

"సగం పాడింది కాబట్టి సగం ఉంచుదామండి బావగారూ. ఎడమ స్పీకరు వీరబాబు పట్టుకెళ్తాడు. ఆ చోట్లో ఫ్రిజ్ పట్టేస్తుంది."

దుర్గ కొలిచి చూసింది. పట్టేస్తుంది. కాలవ వంతెన మీద వ్యాను హారను వినిపించింది.

నూకరాజు చీపురు మొత్తం పట్టుకొచ్చాడు. రెండో ఈనె విరిగింది. మూడోది విరిగింది. నాలుగోది ముదురు ఈనె. మొదటి దసరా వరకూ దిగింది. వ్యాను గుమ్మం ముందు ఆగింది. పిన్ను గుచ్చాడు.

ఎడమ స్పీకరులో డోలు మోగింది. అప్పటిదాకా ఆ సన్నాయి వెనక డోలు ఉందని ఎవరికీ తెలియదు. దుర్గ పైట చెంగుతో స్పీకరు మీద దుమ్ము తుడిచింది.

"వసారాలోకే దింపమనండన్నయ్యా," అంది.

వీరబాబుకి ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె దక్కింది. దుర్గ కుంకుమ భరిణె తెచ్చింది. నూకరాజు రెండు చేతులూ చాచి ఆంప్లిఫయరు వెనకాల నిలబడి, బొట్టు ముందువైపే పెట్టమన్నాడు.

ఇట్లు మధ్యాహ్నము పన్నెండు దాటి నాలుగు నిమిషములకు, నాలుగు ఈనెలతో, నూకరాజు ఎడమ స్పీకరును గెలిచెను. ఈ గాథ విన్నవారి ఇంట కుడి స్పీకరు పలుకును. దసరాకు బొట్టు ముందు మాత్రమే పెట్టువారి ఇంట ఎడమదియు పలుకును.