చెప్పులు విడిచి చూడవలసిన చేను

మంత్రిగారు పాకాల మార్కెట్ యార్డులో మైకు పట్టుకుని, ఇకమీదట ఈ జిల్లాలో ఏ మన్నుకూ జబ్బు చేయడానికి వీల్లేదని ప్రకటించారు. అందరం చప్పట్లు కొట్టాం. మన్నుకు జబ్బు చేస్తుందని మాలో చాలామందికి ఆ రోజే తెలిసింది. తెలిసిన రోజే నయమైపోయింది. ఇంత చురుకైన ప్రభుత్వాన్ని నేను చూడలేదు.

భూసార పరిరక్షణ అన్నారు, సుస్థిర సేద్యం అన్నారు, నిరంతర మానిటరింగ్ అన్నారు. అర్థమైన మాటకైతే మావాళ్లు కొంచెం ఆలోచించి చప్పట్లు కొడతారు. ఈ మూడింటికీ ఆలోచించకుండా కొట్టారు. మా మండలం ఆస్పత్రిలో డాక్టరు లేడని వెనకనుంచి ఎవరో అరిచారు. మంత్రిగారు నొచ్చుకోలేదు. మనిషి ఓర్చుకోగలడు, నోరులేని మన్ను ఓర్చుకోలేదు, ముందు దాని సంగతి చూద్దామన్నారు. ఆ మాట నిజం. నా భార్య తిరుమలమ్మ ఓర్చుకునే పోయింది.

ఆ వారంలోనే వ్యవసాయాధికారి అమర్‌నాథ్ గారు జీపులో మా ఊరికి వచ్చారు. ఆయనది కోస్తా. ఇస్త్రీ చొక్కా, మెడలో తాడుకు వేలాడే సెల్‌ఫోను. మా ఊళ్లో దానికి సిగ్నల్ లేదు. అయినా మన్ను తీయించడానికి వంగినప్పుడల్లా దాన్ని చెవికి పెట్టుకునేవారు. మన్ను గుండె కొట్టుకోవడం వింటున్నారని మావాళ్లు అనుకుని, ఆయన వంగినప్పుడు దగ్గు కూడా ఆపుకున్నారు. ప్రతి చేలోనూ గుప్పెడు మన్ను తీయించి, చిన్న సంచుల్లో కట్టించి ల్యాబ్‌కు పంపారు.

ఫలితం వచ్చింది. ఊరి మన్నంతా నీరసంగా ఉంది. ఒక్క చేను మాత్రం డివిజన్ మొత్తానికి ఆరోగ్యంగా ఉంది. అది నాది.

నాది అనడం అలవాటు. ఆ చేనును చేసింది తిరుమలమ్మ. ఎండాకాలమంతా చెరువు మన్ను గంపతో మోసేది. కానుగ కొమ్మలు నరికి తెచ్చి ఆకును చేని మన్నులోకి తొక్కేది. గొర్రెల మందను మా చేలోనే పడుకోబెట్టాలని గొర్రెలవాళ్లకు రాగి సంగటి వండి పెట్టేది. ఆ పూట నాకు మజ్జిగే. నాతో పెద్దగా మాట్లాడేది కాదు. మన్నుపెళ్లను చేతిలో చిదుపుతూ దానితో మాట్లాడేది. పోయేముందు ఆ చేనికని శెనక్కాయల్లో మంచివి ఏరి, బానలో పోసి, మూతికి బట్ట కట్టింది. తొలి వానకే ఇవి వేయాలని చెప్పింది. శెనక్కాయ విత్తనం ఏడాది దాటితే మొలవదు. ఈసారి వాన తప్పిపోతే ఆమె చేతి విత్తనం అనేది ఇక ఉండదు. నాకు కావలసింది ఆ ఒక్క పైరు.

అమర్‌నాథ్ గారు నా చేయి పట్టుకుని ఊపారు.

"చెంగయ్యా, నీ మన్ను జిల్లాకే ఆదర్శం. మంత్రిగారే వచ్చి చూస్తారు."

"సంతోషం సార్. వాన పడితే దున్నుకోవచ్చు గదా?"

"దున్నితే ఎలాగయ్యా? ఆరోగ్యంగా ఉన్నదాన్ని కెలక్కూడదు. మానిటరింగ్‌లో ఉంది."

"దున్నకపోతే పంట యాడ పండేది సార్?"

"పంట పండితే సారం తగ్గిపోతుంది. అది సైన్సు. నీకు చెప్పినా తెలీదు."

నిజమే, నాకు తెలియదు. ఇన్నాళ్లూ పంట పండించి మన్నుకు ద్రోహం చేస్తూ వచ్చాం.

చేను చుట్టూ నైలాను తాడు కట్టించారు. పక్క చేలల్లోని నీరసం కాళ్లకు అంటుకుని లోపలికి రాకుండా గట్టు మీద బోర్డు పెట్టించారు. 'ఆదర్శ మృత్తిక. చెప్పులు బయట విడిచి లోనికి రావలెను.' మృత్తిక అనే మాట ఆయనే వెతికి పెట్టారు. మన్ను అని రాస్తే గౌరవంగా ఉండదట.

ఆయనకు ఒక్క సంగతి తెలియదు. మా జిల్లాలో చెప్పులు విడవమని బోర్డు ఉంటే జనం చెప్పులతో ఆగరు.

తొలిరోజు చూడడానికి వచ్చినవాళ్లు చెప్పులు విడిచారు. విడిచాం కదా అని చేతులు జోడించారు. జోడించాం కదా అని చెంపలు వేసుకున్నారు. మరుసటి రోజుకు మా ఊరి అక్కమ్మ గట్టు మీద గోనెపట్ట పరిచి కర్పూరం, టెంకాయలు పెట్టింది. అక్కమ్మ ఆదివారం చర్చికి పోతుంది కాబట్టి ఆ ఒక్కరోజు టెంకాయలు దొరికేవి కావు. ఆదివారం ఈ దేవుడికి టెంకాయ కొట్టరాదని దాన్ని బట్టి ఒక ఆచారం వచ్చింది.

కాణిపాకం నుంచి తిరిగి వచ్చే వ్యాన్లు మా ఊళ్లో ఆగసాగాయి. ఏం దేవుడని అడిగితే మృత్తిక దేవుడని చెప్పేవాళ్లు. తమిళం వ్యాన్లవాళ్లు అదీ అడగలేదు. ప్రతి ఒక్కరూ చిటికెడు నుదుట పెట్టుకుని, పిడికెడు కొంగున కట్టుకుని పోయారు. నీరసపడిన చేలల్లో ఆ మన్ను చల్లితే బాగుపడతాయని ఎవరో చెప్పారు. అది గొర్రె పెంటికలు తిన్న మన్నని నేను చెప్పాను. నన్ను చెంపలు వేసుకోమన్నారు. వేసుకున్నాను.

అప్పుడు దేవరాజులు రంగంలోకి దిగాడు. అధికార పార్టీలో మండల యువజన నాయకుడు. వయసు యాభై దగ్గర. వరసకు నాకు అల్లుడు. కొండమీద సేవకు పోయి, గుడిలో ముందుకు కదలని జనాన్ని తోసే పని నేర్చుకుని వచ్చాడు. ఆ విద్య ఊళ్లో ఎక్కడా ఉపయోగపడక చాలాకాలంగా బాధపడుతున్నాడు. నా చేను అతని కష్టం తీర్చింది. వెదురు బొంగులతో క్యూ కట్టాడు. చెప్పులకు స్టాండు పెట్టాడు. పార్టీవాళ్లకు వెనకవైపు నుంచి వేరే దారి తీశాడు.

అమర్‌నాథ్ గారు అభ్యంతరం చెప్పలేదు. భూసారంపై రైతుల్లో పెల్లుబికిన చైతన్యమని ఫొటోతో సహా పైకి రాశారు. పైనుంచి అభినందనలు వచ్చాయి. ఒక్కొక్కరు ఎంత మన్ను తీసుకుపోతున్నారో గమనించమని మాత్రం రాలేదు.

వాన పడింది.

మంచి పదును. మడక దించితే వెన్నలా తెగే పదును. రెండు ఎండలు కాస్తే అది ఉండదు. నేను ఎద్దులను కట్టాను. బాన మీది బట్ట విప్పి విత్తనం వలిచి సంచిలో పోసుకున్నాను. చేను దగ్గర దేవరాజులు చేయి అడ్డం పెట్టాడు.

"యాడికి మామా?"

"నా చేన్లోకి."

"చెప్పులు ఇడువు."

విడిచాను.

"ఎద్దుల్ని ఆడ కట్టేసి లైన్లో రా."

"నా చేన్లోకి నేను లైన్లో రావాల్నా?"

"వీళ్లంతా చేన్లు ఉండేవాళ్లే గదా మామా. వాళ్లు రాలేదా లైన్లో?"

ఇది పెద్ద తర్కం. నా చదువు ఊరి బడితో సరి. లైన్లో నిలబడ్డాను. నా ముందు వేలూరు నుంచి వచ్చిన ఒకామె, తమిళం కలిసిన తెలుగులో, ఇది మీకు ఎన్నో దర్శనమని అడిగింది. పుట్టినప్పటినుంచీ చూస్తున్నానని చెప్పాను. ఆమె వంగి నా కాళ్లకు మొక్కింది. నా వెనక ఉన్నవాళ్లూ మొక్కారు. అందువల్ల లైను ఇంకా ఆలస్యమైంది.

పొద్దు వాలే వేళకు ముందుకు చేరాను. చేనును చూశాను. నడుమంతా మోకాలి లోతు దిగిపోయి ఉంది. తిరుమలమ్మ గంపలతో పోసిన మన్ను అక్కడ లేదు. అంచుల్లో ఇంకా మిగిలి ఉంది. అక్కడైనా నాలుగు చాళ్లు వేద్దామని సంచి మూతి విప్పాను.

"జరుగు మామా, జరుగు జరుగు" అని దేవరాజులు వీపు మీద చేయి వేసి తోశాడు. వరసకు మామ అని చూడకుండా అందరితో సమానంగా తోశాడు. ఇలాంటి నిష్పక్షపాతం ఈ రోజుల్లో అరుదు. అవతలి గట్టు మీద పడ్డాను. ఎవరో నా చేతిలో దొన్నె పెట్టారు. చక్కెరపొంగలి. బాగుంది.

పదును ఆరిపోయింది. విత్తనం పోతుందని అమర్‌నాథ్ గారికి చెప్పుకున్నాను. విత్తనం ఆరోగ్యం వేరే సెక్షన్ చూస్తుందని చెప్పారు.

తర్వాత మంత్రిగారు వచ్చారు. బోర్డు చదివి చెప్పులు విడిచారు. ఆ చెప్పులు పట్టుకునే విషయంలో రెండు వర్గాల మధ్య తోపులాట జరిగింది. చివరికి పెద్దలు కూర్చుని, వర్గానికొక చెప్పు చొప్పున ఇచ్చి రాజీ చేశారు. మంత్రిగారు వెండి పళ్లెంలో మన్ను తీసుకుని కళ్లకు అద్దుకున్నారు. ఆయన కళ్లు చెమర్చాయి. కంట్లో మన్ను పడితే చెమరుస్తాయి.

నన్ను ముందుకు తోశారు. ఏమైనా కోరిక ఉందా అని మంత్రిగారు అడిగారు.

"ఈ చేన్లో ఇత్తనం ఏసుకుంటా సామీ."

మంత్రిగారు నవ్వి అమర్‌నాథ్ గారి వైపు చూశారు. రైతుకు ఇంకా అవగాహన పెరగాలని అమర్‌నాథ్ గారు చెప్పారు. పెంచమని మంత్రిగారు ఆదేశించారు. ఇంతటి తల్లిని ఒక ఊరికే వదిలేయడం న్యాయం కాదని, కాపాడుకోవడానికి నియోజకవర్గమంతా పంచమని కూడా ఆదేశించారు.

ట్రాక్టర్లు వచ్చాయి. డ్రైవర్లు చెప్పులు విడిచే తోలారు. మన్నును పొట్లాలు కట్టి, మంత్రిగారి ఫొటో అంటించి పంచారు. కింద గరుసు తేలేవరకూ తవ్వారు. గరుసును మాత్రం ముట్టుకోలేదు. రైతు పట్ల ఆ మాత్రం దయ చూపారు.

మళ్లీ వానకు ఆ గుంత నిండింది. అమర్‌నాథ్ గారు గట్టు మీద నిలబడి చాలాసేపు చూశారు. నాలుగు రోజులకు బోర్డు మారింది. 'ఆదర్శ ఇంకుడు గుంత.' మంత్రిగారు మళ్లీ వచ్చి పసుపు కుంకుమ చల్లారు. గరుసు కింద బండ ఉంది కాబట్టి ఆ గుంతలో నీళ్లు ఇంకవు. అదే మంచిదని తేల్చారు. ఇంకిపోతే వచ్చినవాళ్లకు చూపించడానికి ఏముంటుంది?

సాగుకు పనికిరాని భూములకు సర్కారే చెరువు మన్ను తోలిస్తుందని విని నేను ఆఫీసుకు వెళ్లాను.

"అది నీకు రాదు చెంగయ్యా" అన్నారు అమర్‌నాథ్ గారు. "అది జబ్బు మన్నుకు. నీది ఆరోగ్యమైన మన్ను."

"మన్నే లేదు సార్."

"లేకపోవడం జబ్బు కాదయ్యా."

ఇంటికి వచ్చి సంచి విప్పాను. విత్తనానికి పురుగు పట్టింది. బానను బోర్లించాను.

నిరంతర మానిటరింగ్ అన్నారు కాబట్టి మరుసటి ఏడు అదే చేలో మళ్లీ మన్ను తీయాలి. అమర్‌నాథ్ గారు ఖాళీ సంచి పట్టుకుని గుంత గట్టు మీద నిలబడ్డారు. మన్ను పంపకపోతే ఆదర్శ చేను ఏమైందని పైవాళ్లు అడుగుతారు. ఆయన ముఖం చూస్తే జాలి వేసింది. వేయలేదు గానీ అలా రాయడం మర్యాద.

దేవరాజులు ఆయనను ఆదుకున్నాడు. మంత్రిగారి పూజగదిలో వెండి పళ్లెం మన్ను అలాగే ఉందట. రోజూ ధూపం వేస్తున్నారట.

"యాడుంటే ఏమి సార్, మన చేని మన్నే గదా" అన్నాడు.

అందులోంచి తీసి ల్యాబ్‌కు పంపారు. ఫలితం చూసి ఆఫీసంతా సంబరపడింది. పోయిన ఏటికన్నా ఆరోగ్యం మెరుగుపడింది. పొటాష్ బాగా పెరిగింది. ఊదొత్తుల బూడిదంతా ఆ పళ్లెంలోనే రాలుతుందట. సేంద్రియ పదార్థం ఎందుకు పెరిగిందో మాత్రం ల్యాబ్‌వాళ్లకు అంతుపట్టలేదు. పూజగదిలో ఎలుక ఉందని తర్వాత తెలిసింది.

చిత్తూరులో పెద్ద సభ పెట్టారు. నన్ను ఉత్తమ మృత్తికా రైతు అన్నారు. శాలువా కప్పారు. మంత్రిగారు మైకు నా ముందుకు జరిపి, ఆ మన్నును ఎలా కాపాడావో రైతు సోదరులకు చెప్పమన్నారు.

"నేనేమీ సేయలేదు సామీ" అన్నాను.

అమర్‌నాథ్ గారు మైకు అందుకుని, ఏమీ చేయకపోవడమే సుస్థిర సేద్యమని సభకు వివరించారు. చప్పట్లు కొట్టారు. ఆలోచించకుండానే.

చివర్లో మంత్రిగారు పట్టుగుడ్డలో కట్టిన చిన్న పొట్లం నా చేతిలో పెట్టారు. తమ పూజగదిలోదని, ఎవరికీ ఇవ్వనిదని, నాకు మాత్రం ఇస్తున్నానని చెప్పారు. ఆయన చెయ్యి పైన, నా చెయ్యి కింద ఉండగా ఫొటో తీశారు.

బస్టాండుకు వచ్చి పొట్లం విప్పాను. చిటికెడు మన్ను. కర్పూరం వాసన. ఇంకొంచెం దగ్గర పెట్టుకుంటే కానుగ ఆకు వాసన.

పాకాల బస్సు ఇంకా రాలేదు. దేవరాజులు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఈ ఏడు తన చేలో శెనక్కాయ మొలిచింది మొలిచినట్టే మాడిపోయిందని చెప్పాడు. మంత్రిగారి పొట్లాలు తెచ్చి చల్లినా గుణం కనబడలేదట. వాటిలో కట్టింది మా చేని మన్ను కాదట, మధ్యలో ఎవరో రోడ్డుపక్కది కలిపేశారట. అసలుదైతే గుణం చూపించేదన్నాడు. చెప్పులు విడిచాడు. నా ముందు రెండు చేతులూ దోసిలి పట్టాడు.

"మామా, రవ్వంత."

వెనకా ముందూ చూశాను. అతను తప్ప ఎవరూ లేరు.

"లైన్లో రా అల్లుడా" అన్నాను.